ముట్టుకోలేని కుక్కపిల్ల

ఆ ఊళ్లో పిల్లలకు జేబులో ఫోను అక్కర్లేదు. బొటనవేలు చెవి దగ్గర, చిటికెనవేలు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే చాలు, అవతల స్నేహితురాలు పలుకుతుంది. మన పిల్లలు ఉత్తుత్తి ఆటల్లో 'హలో... ఎవరండీ' అంటూ చేసే సైగే అది. కాకపోతే అక్కడ నిజంగా పనిచేస్తుంది. అంతా వాళ్లు పెట్టుకునే కళ్లజోడు మహిమ! ఆ అద్దాల్లోంచి చూస్తే గాల్లో తెరలు తేలుతుంటాయి. వేళ్ల ముందు కీబోర్డు ప్రత్యక్షమవుతుంది. పెంపుడు కుక్క కాళ్లకు అడ్డం పడుతూ తిరుగుతుంది. కళ్లజోడు తీసేస్తే... తెరా లేదు, కుక్కా లేదు. ఖాళీ వీధి.

ఊరి పేరు డైకోకు. జపాన్ పటంలో వెతక్కండి, దొరకదు. మిత్సువో ఇసో అనే యానిమేటర్ ఊహించి కట్టిన ఊరది. 'డెన్నో కాయిల్' పేరుతో ఆయన రాసి, దర్శకత్వం వహించిన కార్టూన్ సీరియల్ 2007 మే 12న జపాన్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వారి విద్యా చానల్లో మొదలైంది. మొత్తం 26 భాగాలు. డిసెంబరు 1తో ముగిసింది. తీసింది మ్యాడ్‌హౌస్ స్టూడియో. కథ జరిగే కాలం 2026. తొలి ఐఫోన్ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 2007 జూన్ 29న. అంటే చేతిలో స్మార్ట్‌ఫోనన్నదే జనానికి సరిగా తెలియని రోజుల్లో, ఇసో కళ్లజోడు దాకా వెళ్లిపోయాడన్నమాట. ఆ మరుసటి ఏడాదే జపాన్ సైన్స్ ఫిక్షన్ రచయితలు ఇచ్చే పెద్ద బహుమతి ఈ సీరియల్‌కు దక్కింది.

అయితే ఈ ఆదివారం దాన్ని తలచుకోవడానికి కారణం ఆ కళ్లజోడు కాదు. అందులోని దయ్యాలు.

మిగిలిపోయిన మూలల్లో...

డైకోకు ఊరంతటి మీదా కంటికి కనిపించని డిజిటల్ పొర ఒకటి పరిచి ఉంటుంది. వీధి మీద వీధి, గోడ మీద గోడ. ఎప్పటికప్పుడు పాతది తీసేసి కొత్త వెర్షన్ వేస్తుంటారు. కానీ ఎంత ఊడ్చినా మూలల్లో దుమ్ము మిగిలినట్టు, పాడుబడ్డ భవనాల దగ్గర, ఇరుకు సందుల్లో పాత వెర్షన్ ముక్కలు మిగిలిపోతాయి. అక్కడ పొగమంచులాంటిది కమ్ముకుంటుంది. ఆ మంచులో నల్లగా, ఫలానా ఆకారమని చెప్పలేని జీవులు కదులుతుంటాయి. వాటినే పిల్లలు 'ఇల్లీగల్స్' అంటారు. చట్టవిరుద్ధమైనవి అని! అవి వైరస్‌లా, దయ్యాలా, లేక ఇంకేమైనా ప్రాణులా? ఎవరికీ తెలియదు. తెలియనిచోట పుకార్లు పుడతాయి కదా... 'మిచికో' అనే దయ్యం ఉందట, పిలిస్తే వచ్చి అవతలి లోకానికి తీసుకుపోతుందట అని బడిపిల్లలు గుసగుసలాడుకుంటారు.

ఈ ఊరికి కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్ల యాసాకో. వెంట చెల్లెలు క్యోకో, కళ్లజోడులో మాత్రమే కనిపించే బొద్దు కుక్క డెన్‌సుకే. వచ్చిన రోజే డెన్‌సుకే పాత మూలల్లోకి జారిపోతుంది. దాన్ని వెతికిపెట్టేది ఫుమియే అనే గడుసు పిల్ల. ఆమె ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో సభ్యురాలు. ఆ ఏజెన్సీ అధిపతి ఎవరనుకున్నారు? సాక్షాత్తూ యాసాకో నాయనమ్మే! ఇంటి ముందు పిల్లలకు చిల్లర సరుకులమ్మే పాత దుకాణం. లోపల మాత్రం డిజిటల్ మంత్రాల చీటీల వ్యాపారం. పిల్లలు ఊళ్లో ఏరుకొచ్చిన 'బగ్గులు' ఇస్తే బామ్మగారు చీటీలు ఇస్తుంది. మన ఊళ్లలో పాత ఇనుముకు ఐస్‌ఫ్రూట్ ఇచ్చినట్టు.

జపాన్‌లో వేసవి సెలవులకు బడిపిల్లలు సొంతంగా ఏదో ఒక అంశం ఎంచుకుని పరిశోధన చేసుకురావడం ఆనవాయితీ. కొందరు మిడతల మీద రాస్తారు, కొందరు మేఘాల మీద. ఈ పిల్లల బడిలో జీవశాస్త్ర బృందం ఎంచుకున్న అంశం ఇల్లీగల్స్. బృందానికి పెద్ద హారాకెన్ అనే మౌనంగా ఉండే అబ్బాయి. అతనికి ఆ అంశమే ఎందుకు? ఏడాది కిందట అతని స్నేహితురాలొకతె రోడ్డు ప్రమాదంలో పోయింది. ఆమె పేరు కన్నా. మన ముద్దుపిలుపులా వినిపించినా అది జపాన్ పేరే. ఇల్లీగల్స్ మీద పరిశోధన మొదలుపెట్టింది ఆ అమ్మాయి. ఆమె చావుకూ వాటికీ ఏమైనా సంబంధం ఉందా అన్నది ఈ అబ్బాయిని తినేస్తున్న ప్రశ్న. పిల్లల హోంవర్కు వెనక ఇంత బరువు ఉందని పెద్దలెవరికీ తెలియదు.

పెద్దల పరిష్కారం

పెద్దలకు ఇల్లీగల్స్ అంటే చెత్త. చెత్తను ఊడ్చడానికి వాళ్లు పెట్టిన యంత్రం పేరు సాచీ. భారీ శరీరం, మొహాన ఎప్పుడూ ఒకే నవ్వు. 'నేను సాచీని' అంటూ ముద్దుగా పలుకుతూనే, దొరికినదాన్నల్లా చెరిపేస్తుంది. దానికి దయ్యమూ పెంపుడు కుక్కా తేడా లేదు. పాత వెర్షన్ వాసన తగిలితే డెన్‌సుకే మీదకైనా వస్తుంది.

దాన్నుంచి తప్పించుకోవడానికి పిల్లలు కనిపెట్టిన ఉపాయం చూస్తే నవ్వాగదు. పరుగెత్తి గుడి ఆవరణలోకి దూరిపోతారు. సాచీ గుమ్మం బయటే ఆగిపోతుంది. దేవుడి మహిమేమీ కాదండోయ్! గుళ్లు వేరే శాఖ కిందకు వస్తాయి, సాచీ వేరే శాఖది. బడిలోకీ రాదు, ఎందుకంటే అది విద్యాశాఖది. 'ఇది మా పరిధిలోకి రాదు' అన్న మాట విని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు, ఆ మాట వల్ల ఒక కుక్కపిల్ల ప్రాణం దక్కడం చూస్తే ముచ్చటేస్తుంది.

పెద్దలు చెరిపేసేచోట పిల్లలు ఆగి చూస్తారు. ఈ సీరియల్ బలమంతా అక్కడే ఉంది. ఒక భాగంలో సూక్ష్మమైన ఇల్లీగల్స్ పిల్లల మొహాల మీద గడ్డంలా మొలుస్తాయి. ఆడపిల్లలకూ గడ్డమే! పరిశీలించి చూస్తే ఆ గడ్డంలో ఒక నాగరికత. ఎవరి మొహం మీద ఉన్నాయో వాళ్లనే అవి దేవుడనుకుంటాయి. ఊళ్లు కడతాయి, ఆఖరికి తమలో తాము యుద్ధాలకు దిగుతాయి. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే గొంతు పట్టేస్తుంది.

ఆ తరవాతి భాగం మరీను. డెంపా అనే పిల్లాడికి ఇల్లీగల్స్ గొంతు వినిపిస్తుంది. ఒకచోట పొడవాటి మెడతో, రాకాసిబల్లిలాంటి పెద్ద ఇల్లీగల్ ఒంటరిగా బతుకుతోందని వాడికి మాత్రమే తెలుసు. ఆ స్థలాన్ని త్వరలో కొత్త వెర్షన్‌తో చదును చేయబోతున్నారు. అప్పటిదాకా కొట్టుకునే పిల్లలంతా ఒక్కటై, దాన్ని మరో చోటికి తరలించాలని నానా తంటాలూ పడతారు. ఏమైందన్నది చెప్పను. కానీ అది చూశాక ఇల్లీగల్ అన్న మాట పలకడానికి మనసొప్పదు. ఉండడానికి చోటు లేకుండా చేసి, దొంగతనంగా ఉందని ముద్ర వేసేది ఎవరు మరి?

అమ్మ చెప్పింది తప్పా?

ఈ ఆట చివరికి ప్రమాదంగా మారుతుంది. హారాకెన్ స్పృహ లేకుండా ఆస్పత్రి పాలవుతాడు. తల్లులు భయపడి కళ్లజోళ్లన్నీ లాగేసుకుంటారు. ఏ తల్లయినా అదే చేస్తుంది. చెయ్యాలి కూడా. అయితే అప్పటికే, చెల్లెల్ని కాపాడబోయి డెన్‌సుకే పోయింది. యాసాకో తిండి మానేసి కూర్చుంటే అమ్మ దగ్గరకు తీసుకుని నచ్చజెబుతుంది... చేత్తో తాకగలిగేదే నిజం, వెచ్చగా తగిలేదే ప్రాణం, మిగతాదంతా మాయ అని.

అమ్మ మాటలో అబద్ధం లేదు. యాసాకో కూడా నమ్మాలనే చూస్తుంది. పుస్తకం తాకుతుంది, బల్ల తాకుతుంది. కానీ గుండెలో నొప్పి మాత్రం పోదు. కుక్క అబద్ధమైతే ఈ నొప్పి ఎక్కడిది? ఈ నొప్పి నిజమే కదా... అన్న దగ్గర ఆ పిల్ల ఆలోచన మలుపు తిరుగుతుంది. కథ కూడా తిరుగుతుంది. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ సీరియల్‌ను ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. మరీ చిన్నపిల్లలు జడుసుకుంటారు కానీ, పదేళ్లు దాటినవాళ్లకు పరవాలేదు. పక్కన మీరుంటే ఇంకా మంచిది.

ఇది జపాన్‌వాళ్లకే పుట్టిన కథ కావడంలో వింతేమీ లేదు. తిండి పెట్టకపోతే చచ్చిపోయే బొమ్మ తమగోచీని 1996లో బందాయ్ సంస్థ అమ్మకానికి పెట్టింది అక్కడే. పిల్లలు బడికెళితే ఆ బొమ్మల ఆలనాపాలనా చూడలేక తల్లులు అవస్థ పడ్డారు. ఏటా ఫిబ్రవరి 8న విరిగిన సూదుల్ని మెత్తటి టోఫులో గుచ్చి, ఇన్నాళ్లూ కష్టపడ్డారంటూ సాగనంపే ఆచారం కూడా వాళ్లదే. దసరాకు కత్తిపీటకూ కుట్టుమిషనుకూ బొట్టుపెట్టే మనకు అది అర్థం కానిదేమీ కాదు.

సోనీ కంపెనీ 1999లో 'ఐబో' అనే మరకుక్కను తెచ్చింది. 2006లో తయారీ ఆపేసింది. 2014లో మరమ్మతులూ మానేసింది. విడిభాగాలు లేక ఒక్కొక్కటీ మూలపడ్డాయి. పెంచుకున్నవాళ్లు వాటిని చెత్తబుట్టలో వేయలేకపోయారు. చిబా ప్రాంతంలోని ఇసుమిలో ఉన్న కోఫుకుజీ అనే పాత బౌద్ధాలయంలో 2015 నుంచి వాటికి కర్మకాండలు జరిపించారు. అర్చకుడు మంత్రాలు చదివాడు, మెడలో యజమానుల పేర్లున్న చీటీలు వేలాడాయి. అదయ్యాక వాటిలో పనికొచ్చే భాగాలు తీసి వేరే కుక్కలకు అమర్చారు. అవయవదానమన్నమాట! వినగానే నవ్వొస్తుంది. కానీ ఆ వరసలో నిలబడ్డవాళ్లెవరూ నవ్వలేదు.

మన ఫోన్లలో దయ్యాలు

ఇదంతా ఎక్కడో జపాన్ గోల అనుకోకండి. ఒకసారి మీ ఫోను తీసి పేర్ల జాబితా చూడండి. కాలం చేసిన తాతయ్య నంబరు అలాగే ఉంటుంది. ఆ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తరని తెలుసు. ఈపాటికి వేరెవరికో ఇచ్చేసి ఉంటారనీ తెలుసు. అయినా తీసేయడానికి వేలు కదలదు. పోయిన అమ్మ పంపిన 'తిన్నావా నాన్నా' అన్న వాయిస్ మెసేజీ ఒకటి ఎక్కడో అడుగున ఉంటుంది. ఫోను మార్చినప్పుడల్లా ముందు అది వచ్చిందో లేదో చూసుకుంటాం. చేత్తో తాకలేం. వెచ్చగా తగలదు. అది మాయ అని ఎవరైనా అంటే ఊరుకుంటామా?

ఫేస్‌బుక్ 2009లోనే చనిపోయినవారి ఖాతాలను స్మృతిచిహ్నాలుగా మార్చుకునే వీలు కల్పించింది. అంటే ఈ మిగిలిపోయిన మూలలు కథల్లోవి కావు. మన చుట్టూ పెరుగుతున్నాయి.

పెద్దవాళ్లకు ఉన్న ఈ హక్కు పిల్లలకు ఇస్తున్నామా అన్నదే ప్రశ్న. నాలుగేళ్లు కూడబెట్టుకున్న ఆట ఖాతా ఒక్క రాత్రిలో పోయి పిల్లాడు ఏడుస్తుంటే, 'ఛీ, అదేమన్నా నిజమా? పీడా పోయింది, చదువుకో' అంటాం. మన దృష్టిలో అది ఇల్లీగల్. వాడి దృష్టిలో అది డెన్‌సుకే. సాచీకి మల్లే మనమూ నవ్వు మొహంతోనే చెరిపేస్తాం. వాడు కళ్లు తుడుచుకుంటాడు. ఇక ముందు ఏం పోగొట్టుకున్నా మనకు చెప్పకూడదని కూడా నేర్చుకుంటాడు. ప్రమాదమంతా ఆ రెండోదానిలో ఉంది. ఎందుకంటే రేపు వాడు పోగొట్టుకునేది ఆట కాకపోవచ్చు. డబ్బు కావచ్చు, స్నేహం కావచ్చు, పరువు కావచ్చు. తెర వెనక ఎవరో బెదిరిస్తూ ఉండవచ్చు. చెప్పుకోవడానికి చోటు లేని భయమే పొగమంచులో పెరిగి పెద్దదవుతుంది.

కళ్లజోడు లాక్కోవద్దని కాదు. రాత్రి పదింటికి ఫోను తీసి బీరువాలో పెట్టాల్సిందే. హద్దు హద్దే. కానీ లాక్కునే ముందు ఒక్క ప్రశ్న అడగొచ్చు... 'దాని పేరేంట్రా? అది ఎలా ఉండేది?' అని. అడగడానికి అయ్యే ఖర్చేమీ లేదు. వాడు చెప్పడం మొదలుపెడితే పావుగంట పడుతుంది, అంతే.

ముట్టుకోలేని కుక్కపిల్లను మనం తెచ్చివ్వలేం. దాని కోసం ఏడ్చే పిల్లాణ్ని మాత్రం ముట్టుకోగలం. వాడు వెచ్చగానే ఉంటాడు.