శాసనము చేసినవారే చెప్పవలెను

శాసనసభ్యులు నగర కౌన్సిలునకు తప్పక విచ్చేయు దినమొకటి కలదు. అది మేయరు ఎన్నిక దినము. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము వారికి పదవిరీత్యా సభ్యత్వమును, వోటును ఒసగినది. 2020 జనవరిలో నిజామాబాదు కార్పొరేషనునందలి 60 స్థానములలో ఏ పక్షమునకును 31 రాలేదు. 28 గెలిచినవారు ప్రతిపక్షమున కూర్చుండిరి. 16 గెలిచినవారును 13 గెలిచినవారును కలసిరి. పదవిరీత్యా సభ్యుని వోటు ఎంత విలువగలదో ఆ నెలలో రాష్ట్రమంతయు చూచినది. ఎవరు గెలిచిరను విషయముతో మాకిప్పుడు పనిలేదు. వోటువేయుటకు ఎక్కిన మెట్లనే, తాము చేసిన చట్టమును వివరించుటకును అదే శ్రద్ధతో ఎక్కరాదా యని మా ప్రశ్న.

ఆ చట్టమునే చూడుడు. 75 చదరపు గజములలోపు స్థలమున 7 మీటర్ల యెత్తు మించని యిల్లు కట్టుకొనువానికి అనుమతి యక్కరలేదు. ఒక రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. ఇంటిపన్ను ఏటికి 100 రూపాయలు. లంచముల త్రోవ కొంతవఱకు మూసినందుకు శాసనకర్తలను మేము మెచ్చుకొనుచున్నాము. కాని రెండవ ముఖమును చూపినవారెవ్వరు? ఇంటి కొలతలు యజమానియే ప్రకటింపవలెను. ఆ ప్రకటన తప్పని తేలినచో పన్ను తేడాకు 25 రెట్లు జుల్మానా. నిబంధనలకు విరుద్ధముగా కట్టినదానిని నోటీసు లేకయే పడగొట్టవచ్చును. దినమంతయు బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ముతో రెండు గదులు వేసికొను తల్లి, మీసేవ కేంద్రమున ఎవరో నింపిన ఫారముక్రింద సంతకము చేయునపుడు ఈ సంగతి యెఱుగునా? నోటీసు వచ్చిన పిదప వకీలునొద్దకు వచ్చినవారికి మేము చేయగలిగినది కొంచెమే. నోటీసే లేనిచోట ఆ కొంచెమును లేదు.

కార్పొరేటర్ల సంగతియు నట్లే యున్నది. బడ్జెటులో పదవవంతు పచ్చదనమునకు కేటాయింపవలెను. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెను. లేనిచో వార్డు సభ్యుని పదవికే ముప్పు. ఎండిన మొక్క మనిషిని గూడ ఎండగట్టునన్నమాట. ప్రతి డివిజనునకును యువకులకు, స్త్రీలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా నాలుగు సంఘములు, ఒక్కొక్కదాన 15 మంది. 60 డివిజనులకు లెక్క వేసిన 3,600 మంది యగుదురు. ఇంతమందికి తమ పనియేమో, తమ హక్కేమో ఒక్కరైనను కూర్చుండబెట్టి చెప్పినచో ఈ నగరము మాఱియుండెడిది.

కమిషనరు చెప్పును గదా యని కొందఱనవచ్చును. కమిషనరు ఉత్తరువును చదువును. ఆ నిబంధన యేల వచ్చినదో, సభలో దానిపై ఎవరేమనిరో, దానియందలి లోపమును మరల సభకు ఎవరు కొనిపోవలెనో ఆయన చెప్పజాలడు.

భాష యొక పెద్ద చిక్కు. నిజాము ప్రభుత్వమున శాసనములు ఉర్దూ జరీదాలో వచ్చెడివి. తెలుగు రైతునకు అవి తెలియకయే వర్తించెడివి. 1937లో ఈ నిజామాబాదుననే మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను ఆంధ్ర మహాసభ కూడినది. ఆనాటి పెద్దలు తెలుగునకై పాటుపడిరి. నేడు న్యాయస్థానమున చెల్లునది ఇంగ్లీషు పాఠము. నిజామాబాదు కౌన్సిలు తెలుగువారును ఉర్దూవారును కలసి కూర్చుండు సభ. 2017 నుండి ఉర్దూ రాష్ట్రమంతటికిని రెండవ అధికారభాష. కావున రెండు భాషలలోను చెప్పవలెను.

బోధను పురపాలక సంఘమునకు ఇది మఱింత యవసరము. నిజాంసాగరు నీరు, నల్లరేగడి, చెఱకు, వీనిని నమ్ముకొని 1937లో అచ్చట చక్కెర కర్మాగారము లేచినది. 2002లో దాని పెద్దభాగము ప్రైవేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. ఆ అమ్మకమును శాసనసభా సంఘ మొకటి విచారించినది. చెఱకుతో పురపాలకమునకు పనియేమని యడుగువారు ఒకసారి శక్కర్‌నగరు వీధులలో నడచి రావలెను. అంగళ్ల వ్యాపారము, క్వార్టర్ల దీపములు, ఇంటిపన్ను వసూలు అన్నియు ఆ పొగగొట్టము నీడనే పెరిగినవి. దానిగూర్చి సభలో ఎప్పుడు ఏమి జరిగెనో మొట్టమొదట తెలియవలసినది బోధను కౌన్సిలునకే.

2025 జనవరిలో ఈ సంఘముల గడువు తీరి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినది. గడువు తీరకమునుపే ఎన్నికలు ముగియవలెనని రాజ్యాంగము 243యు అధికరణమున స్పష్టముగా నున్నది. కౌన్సిలే లేని కాలమున చట్టమును ఎవరికి చెప్పుదురు?

మేము కోరునది చిన్న యేర్పాటు. శాసనసభా సమావేశములు ముగిసిన పిదప జరుగు తొలి కౌన్సిలు సమావేశమున, పదవిరీత్యా సభ్యుడు నగరమునకు సంబంధించిన బిల్లులను తెలుగున, ఉర్దూన వివరించి, తానెటు వోటువేసెనో చెప్పవలెను. ఎవరికి ఎంత భారము పడునో, అప్పీలు ఎచ్చట చేసికొనవలెనో వ్రాతమూలముగా ఇయ్యవలెను. సభ్యుల ప్రశ్నలును జవాబులును మినిట్సు పుస్తకమున ఎక్కవలెను. దీనికి క్రొత్త చట్ట మక్కరలేదు. అజెండాలో ఒక పంక్తి చాలును. ఆ పంక్తిని ముందుగా చేర్చునది నిజామాబాదో బోధనో చూతము.