హారన్ కొట్టే ముందు...

ముత్తంగి దాటి ఇస్నాపూర్ వైపు వెళ్తుంటే లారీల మధ్య గొర్రెల మంద రోడ్డు దాటుతూ కనిపించడం మామూలే. మనకేమో తొందర. హారన్ కొడతాం. మంద బెదిరి పక్కకు జరుగుతుంది. మనం వెళ్లిపోతాం. కానీ ఆ మందలో పాలిచ్చే తల్లి ఉంటే, ఆ మోత దాని పొదుగు దాకా వెళ్తుంది!

మన దగ్గర గొర్రె పాలు అమ్మేవాళ్లు అరుదు. అవన్నీ పిల్లకే. పిల్ల ఎదిగితేనే కాపరి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఓ పొట్టేలు చొప్పున ఇచ్చింది కూడా పిల్లలు బతికి మంద పెరుగుతుందనే ఆశతోనే.

మరి పాలెలా వస్తాయి? వాటికి కావాల్సిన సరుకంతా రక్తమే మోసుకొస్తుంది. బ్రిటన్‌లోని బాబ్రహాంలో లింజెల్ అనే శాస్త్రవేత్త 1960ల్లో మేకల మీద ఈ లెక్కలు తీశారు. లీటరు పాలు తయారవ్వాలంటే పొదుగు గుండా సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పారాలట. గొర్రె పొదుగు పనిచేసేదీ ఇలాగే. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమేమో రెండు లీటర్ల చిల్లరే. అదే మళ్లీ మళ్లీ తిరగాలి.

ఆ పరుగు దేనికి తగ్గుతుంది? మేత లేకపోతే తగ్గుతుంది. ఎండ మండితే, ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. భయపడితే అడ్రినలిన్ విడుదలై రక్తనాళాలు బిగుసుకుంటాయి, పాలు చేపడం ఆగుతుంది. పిల్ల తాగక పొదుగు నిండిపోయినా అంతే. ఆవుల్లోనైతే పడుకుని నెమరేసేటప్పుడు పొదుగుకు రక్తం బాగా అందుతుందని తేలింది.

అంటే తల్లికి కావాల్సింది మేత, నీడ, నెమ్మది. ఫ్యాక్టరీల ప్రహరీలు లేచిన చోట దొరకనివీ ఇవే. నీళ్ల సంగతి సరేసరి. పాలల్లో నాలుగు వంతులకు పైగా... అయిదింట నాలుగు పాళ్లు నీళ్లే. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. అలాంటి పేరు పడ్డ వాగు పక్కనే ఉన్నా, మందను నమ్మి ఎలా దింపుతారు? మంచినీళ్ల కోసం ఇంకో రెండు మైళ్లు తోలాల్సిందే.

కాపరులు చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. ఈనిన గొర్రెను మొదటి నెలంతా దూరం తిప్పకుండా దగ్గర్లోనే మేపాలి. మధ్యాహ్నం చెట్టు కింద ఆపాలి. పిల్లను పదేపదే తాగనివ్వాలి. పొదుగు వేడిగా, గట్టిగా తగిలితే పాలు బాగా పడ్డాయని మురిసిపోకూడదు. అది పొదుగువాపు కావచ్చు. వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

మనం చేయాల్సింది ఒక్కటే. ఈసారి మంద అడ్డొస్తే రెండు నిమిషాలు ఇంజన్ ఆపి చూడండి. మనకు పోయేదేం లేదు. సాయంత్రం ఇంటి దగ్గర ఎదురుచూసే ఓ పిల్లకు కాసిన్ని పాలు మిగులుతాయి.