చన్నీళ్ల స్నానం చెప్పే వ్యాయామ పాఠం

దీపావళి వెళ్లి రెండు వారాలు గడిస్తే చాలు, పార్కుల్లో పొద్దున్నే నడిచేవాళ్లు పలచబడతారు. జిమ్ముకు ఏడాది ఫీజు ఒకేసారి కట్టినవాళ్లు కూడా దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి అలారం నొక్కేసి పడుకుంటారు. ఉండాల్సింది సంకల్పం అని ఆరోగ్య పేజీలు ఏటా ఈ రోజుల్లోనే మందలిస్తుంటాయి. అయితే సరిగ్గా ఈ రోజుల్లోనే, ఈ వీధుల్లోనే తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్లు గుమ్మరించుకుని, నల్లబట్టలు కట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో పీఠం దగ్గరకు నడిచివెళ్లే అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. వాళ్లు హిమాలయాల నుంచి దిగివచ్చిన మునులేం కారు. మొన్నటిదాకా ఏడున్నరకు గాని మంచం దిగని ఆటో డ్రైవర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీరింగ్ కుర్రాళ్లు వాళ్లలో ఉన్నారు. కార్తీక స్నానానికి చీకట్లో గోదావరి మెట్లు దిగే ఆడవాళ్లూ, ధనుర్మాసంలో మంచు పడుతుండగానే కళ్లాపి చల్లి ముగ్గు పెట్టే ఇల్లాళ్లూ ఇదే కోవలోకి వస్తారు. చలి అందరికీ ఒకటే అయినప్పుడు కొందరిని లేపుతున్నదేమిటి, కొందరిని పడుకోబెడుతున్నదేమిటి అన్నది అడగదగ్గ ప్రశ్న.

భక్తి అని చప్పున జవాబు వస్తుంది. కాదనలేం గానీ, అది సగం జవాబే. మాల వేసుకున్న మొదటి రోజు ఉన్న ఉత్సాహం పన్నెండో రోజు తెల్లవారుజామున ఉండదని దీక్షా నియమాలు ఏర్పరచిన పెద్దలకు బాగా తెలుసు. అందుకే మొత్తం బరువు మనసు మీద పెట్టలేదు. మెడలో మాల, ఒంటిమీద నల్లబట్ట ఉంటాయి కాబట్టి మనిషి ఏం చేస్తున్నాడో ఊరందరికీ తెలుస్తుంది, ఎగ్గొడితే అదీ తెలుస్తుంది. పక్కన మరో పదిమంది స్వాములుంటారు, దారి చూపడానికి గురుస్వామి ఉంటాడు, కొత్తవాడైతే కన్నెస్వామి అని అందరూ ఒక కన్నేసి ఉంచుతారు. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి అన్నవి ముందే తేలిపోయాయి గనుక రోజూ పొద్దున్నే తనలో తాను వాదించుకునే పని లేదు. అన్నిటికీ మించి 41 రోజులన్న గడువు కళ్లముందుంటుంది. ఇక వ్యాయామం మొదలుపెట్టినవాడి సంగతి చూడండి. ఒంటరిగా మొదలుపెడతాడు, ఎవరికీ చెప్పడు, ఏ వేళకో తేల్చుకోడు, ఎంతకాలమంటే జీవితాంతం అంటాడు. చలిగాలి తగలగానే అది ఆగిపోవడంలో వింతేముంది? చలికాలపు బద్ధకం అని మనం పిలుస్తున్నది చాలావరకు ఏర్పాట్ల లోపం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మాల తీసిన మర్నాటి నుంచే మళ్లీ పాత అలవాట్లకు తిరిగిపోయే స్వాములు మనకు తెలియనివాళ్లా? నిజమే, గడువున్న దీక్షకు ఆ బలహీనత తప్పదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. అంటే చాలామందికి 41 రోజుల మండలం చాలదు, మండలమున్నర పైనే కావాలి. అదే అధ్యయనంలో తేలిన మరో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: మధ్యలో ఒకరోజు మానినా అలవాటు కుదురుకోవడానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. దీక్షలో నియమం తప్పితే దోషం, నడకలో తప్పితే ఏమీ కాదు. తుపాను వానకో, జలుబుకో రెండు రోజులు మానేసి, ఇక అంతా పోయిందనుకుని మొత్తానికే చాప చుట్టేసేవాళ్లే ఎక్కువ. దీక్ష నుంచి సహవాసాన్నీ గడువునూ తెచ్చుకుందాం, ఆ కాఠిన్యాన్ని అక్కడే ఉంచుదాం.

తెల్లవారుజామును కూడా అక్కడే ఉంచవచ్చు. వ్యాయామం అంటే కోడి కూసే వేళకే అన్న మన నమ్మకం చలికాలంలో చాలా చేటు చేస్తోంది. జూన్ మొదట్లో హైదరాబాదులో 5.40కి పొద్దు పొడిస్తే, జనవరిలో 6.45 దాటాలి. వేసవిలో వెలుతురులో నడిచిన అయిదున్నర వేళే చలికాలంలో చిమ్మచీకటి. రాత్రి నేల చల్లబడితే దాని మీది గాలి బరువెక్కి కిందనే నిలిచిపోతుంది, వాహనాల పొగ, దుమ్ము అందులోనే చిక్కుకుని ఎండెక్కేదాకా చెదరవు. స్వచ్ఛమైన ఉదయపు గాలి అని మనం పీల్చేది నగరాల్లో ఒక్కోసారి రోజు మొత్తంలో చెడ్డ గాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, పొడి చలిగాలికి ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల దారులు బిగుసుకుంటాయి. గుండెజబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లను అయిదింటికే తరిమి పంపడం హితవు అనిపించుకోదు. చికాగోలో ఉన్న మనవాళ్లకు డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది, బయట మంచు పేరుకుని ఉంటుంది, వాళ్ల ఇబ్బంది వేరు. మనకు ఆదిలాబాదులో సైతం గజగజ వణికించిన రోజునే మధ్యాహ్నానికి హాయైన ఎండ కాస్తుంది. ఏడాదిలో పగటిపూట నడవగలిగే నెలలు మనకు ఇవే. వాటినే వదులుకుంటున్నాం!

పగలు ఉద్యోగాలుంటాయి కదా అనవచ్చు. గంటసేపు ఒక్కసారే చేయాలనుకుంటే కుదరదు గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు అడుగుతున్నది వారం మొత్తానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, వారానికి రెండు రోజులు కండరాలకు పని. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును కూడా అందులో ఎత్తేశారు. మధ్యాహ్నం భోజనమయ్యాక పావుగంట, సాయంత్రం మరో పావుగంట నడిస్తే అయిదు రోజుల్లో కనీస లెక్క సరిపోతుంది. తిన్నాక నడిస్తే రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్న దేశంలో ఇది చిన్న లాభం కాదు. పొలంలో వంగి నాట్లు వేసేవాళ్లకూ, చీకటితోనే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకూ ఈ ఉపదేశం అక్కర్లేదు, వాళ్లకు కావాల్సింది స్వెట్టరూ విశ్రాంతీ.

ఆడవాళ్ల విషయంలో మాత్రం వేళ మార్చుకోమని చెప్పి ఊరుకోవడం అన్యాయం. మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని పెద్దలు 2000లో 22 శాతం, 2022 నాటికి దాదాపు సగం అని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. పురుషుల్లో 42 శాతమైతే మహిళల్లో 57 శాతం. పొద్దున పొయ్యి దగ్గర, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గర ఉండే మనిషికి మిగిలేది నడిమి పొద్దే. ఆరింటికే చీకటిపడే ఈ నెలల్లో, దీపాలు వెలగని వీధుల్లో ఒంటరిగా నడవమని ఎవరం చెప్పగలం? పది పన్నెండు మంది కలిసి పగటివేళ నడవగలిగితే సగం చిక్కు తీరుతుంది. అందుకు చోటు కావాలి. బడి మైదానాలకు సెలవు రోజుల్లో తాళాలుంటాయి. చాలా పార్కులను ఉదయం నడక వేళ ముగియగానే మూసి సాయంత్రం తెరుస్తారు, వేసవి ఎండలకైతే ఆ పద్ధతి సబబే. నవంబరు నుంచి శివరాత్రి దాకా మున్సిపాలిటీలు ఆ గేట్లను మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలి. దానికి కొత్త పథకం అక్కర్లేదు, ఒక కాపలాదారు చాలు.