కిలోమీటరు ఎవరి కాళ్ళతో కొలిచారు?

2022 జూలైలో బడులు తెరిచిన వారం. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె గంట ఆలస్యంగా వచ్చింది. నేను విసుక్కున్నాను.

"ఏం చెయ్యమంటారమ్మగారూ! పాపని ఆ పెద్ద రోడ్డు దాటించి హైస్కూల్లో దిగబెట్టాలి. మళ్ళీ వెనక్కొచ్చి పిల్లోణ్ణి మా వీధి బడికి తీసుకెళ్ళాలి. నిరుటిదాకా అదే వాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది" అంది.

పాప నాలుగో తరగతి, పిల్లాడు రెండు. నిన్నటిదాకా ఒకే బడి.

ఆ జూన్‌లోనే అప్పటి ప్రభుత్వం 117 నంబరు జీవో తెచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రాథమిక పాఠశాలలోని 3, 4, 5 తరగతులు అక్కడికి వెళ్ళాలి. అంతకు ముందు ఏడాది ఈ దూరం 250 మీటర్లే. పై బడిలో సబ్జెక్టుకో టీచరు ఉంటారు కదా అన్నది వాళ్ళ వాదన. దాన్ని నేను కొట్టిపారెయ్యను. ఒక్క మాస్టారే అయిదు తరగతులకూ చెప్పే బళ్ళున్నాయి. ఆ మాట చెప్పేగా మనలో చాలామందిమి పిల్లల్ని కాన్వెంట్లలో వేసుకున్నాం!

అయితే ఆ కిలోమీటరు బడి నుంచి బడికి కొలిచింది. పిల్ల బయల్దేరేది బడి నుంచి కాదు, ఇంటి నుంచి. ఒకరోజు పొద్దున్నే ఆమెతో నేనూ నడిచాను. వీధి చివర పాత బడి దాకా ఎనిమిది నిమిషాలు, అక్కణ్ణించి రోడ్డు దాకా ఇంకో పది. రోడ్డు దగ్గర లారీలు తెరిపి ఇచ్చేదాకా నిలబడటమే. ఒక చేత్తో పిల్ల సంచీ, ఇంకో చేత్తో పిల్ల రెక్క పట్టుకుని ఆమె పరుగెత్తింది. నేను ఇవతలే ఉండిపోయాను, ధైర్యం చాలక.

విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం చేసిన నిబంధనలు కిలోమీటరు నడక దూరంలో ప్రాథమిక బడి ఉండాలన్నాయి. అంతటితో ఆగలేదు. చిన్నపిల్లలకు దారిలో ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని తగ్గించమని కూడా చెప్పాయి. ఈ రెండో మాట ఎవరికి గుర్తుంది?

ఆ ఏడాది ఆమె నాలుగిళ్ళలో ఒక ఇల్లు మానుకుంది. మానింది మా ఇల్లు కాదు కనక నాకు ఇబ్బంది తగల్లేదు, నిజం చెప్పాలి. ప్రభుత్వం లెక్కలో టీచర్లున్నారు, గదులున్నాయి. తల్లి పోగొట్టుకున్న గంట కూలి ఏ కాలమ్‌లోనూ లేదు. తల్లికి వీలుకాని ఇంట్లో ఆ బాధ్యత పెద్ద ఆడపిల్ల మీద పడుతుంది. తమ్ముణ్ణి దింపి తన బడికి ఆలస్యంగా వెళ్ళి నిలబడేది ఆ పిల్లే.

2025లో ఆ జీవో రద్దయింది. తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ బళ్ళు వచ్చాయి. మంచిదే. కానీ గీతలు మళ్ళీ గీశారు. ఇంకా గీస్తారు కూడా, ఎందుకంటే పిల్లల సంఖ్య ఏటా మారుతుంది. అందుకే నేను అడిగేది ఒక్కటే. గీత గీసే అధికారి బడివేళకి ఒక్కసారి తల్లులతో నడవాలి. అక్కాతమ్ముళ్ళను విడదీయక తప్పదనుకుంటే రోడ్డు దాటించే మనిషినో, ఆటోనో ముందు ఏర్పాటు చెయ్యాలి. గీత మార్చేది ఆ తర్వాతే.

2009 నాటి చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్ళుండాలి. మన దగ్గర చాలా చోట్ల ఆ ఆడవాళ్ళు రిజిస్టర్లో సంతకం పెట్టి వచ్చేస్తారు. గుమ్మం ముందుకి స్కూలు బస్సొచ్చే మనం కనీసం మన ఇంటికొచ్చే ఆమెతో "ఆ కాగితంలో ఏముందో చదివించుకున్నావా?" అని అడగవచ్చు. మీటింగు రోజున గంట ఆలస్యమైతే విసుక్కోకుండానూ ఉండొచ్చు.

పిల్లాడు మూడులోకి వచ్చాక రెండేళ్ళు అక్కతోపాటే హైస్కూలుకు వెళ్ళాడు. 2025లో అయిదో తరగతికి వాణ్ణి మళ్ళీ మార్చారు. పాత వీధి బడికి కాదు, పక్క వార్డులోని మోడల్ స్కూలుకి.

"ఈసారి రోడ్డు లేదమ్మగారూ, కాలవ దాటాలి" అంది.