ముద్రలో బెజవాడ, అడ్రసులో మాలపల్లి
(వరుస వ్యాసాలు – 11)

"పాత బెజవాడ" పేరుతో ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో తిరిగే బొమ్మల పోస్టుకార్డులు మీరూ చూసే ఉంటారు. కృష్ణ ఆనకట్ట, రైలు వంతెన, కొండ, కాలవలో పడవ. కింద కామెంట్లన్నీ ఒకటే పాట: ఆహా, ఎంత ప్రశాంతంగా ఉండేది మన ఊరు! ఎవరికి ప్రశాంతం అని ఒక్కరూ అడగరు. కార్డులు సేకరించేవాళ్లకు తపాలా ముద్ర స్పష్టంగా కనపడాలి, స్టాంపు చిరగకూడదు, మూలలు నలగకూడదు. బొమ్మలో నిలబడ్డ మనిషి సంగతి వాళ్ల లెక్కలోకి రాదు.

ఈ వారం ఆ మనిషి గురించి మాట్లాడదాం.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. ధర కాలణా. బొమ్మల కార్డుల మోజు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మొదలై మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఊపేసింది. మద్రాసులో హిగిన్‌బాతమ్స్, వీలే అండ్ క్లైన్ లాంటి కంపెనీలు అచ్చేసి అమ్మేవి. దొరలూ దొరసానులూ కొని సీమలో ఉన్న అయినవాళ్లకు పంపేవాళ్లు. గుళ్లు, కోటలు, సముద్రం ఒక రకం. ఇంకో రకానికి "నేటివ్ టైప్స్" అని పేరు. కల్లుగీసేవాడు, చాకలి, పాములవాడు, "పరయా". మనిషికి పేరుండదు. కులం ఉంటుంది, లేదా పని ఉంటుంది. ఆ రోజుల్లోనే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ టేపు పట్టుకుని మనవాళ్ల ముక్కులూ పుర్రెలూ కొలిచాడు. 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. పోస్టుకార్డు ఆ ఏడు సంపుటాలకు చిల్లర ఎడిషన్.

అప్పట్లో కార్డు వెనక అడ్రసు తప్ప ఇంకేమీ రాయకూడదని నిబంధన. బ్రిటన్‌లో 1902లో దాన్ని సడలించారు. అంతకుముందు కార్డుల్లో కబురంతా ముందువైపే. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీలో రాసేవాళ్లు, చాలకపోతే బొమ్మ మీదే. ఎండలు మండుతున్నాయి, పిల్లలకు ముద్దులు, వచ్చే నెల ఊటీ పోతున్నాం. మనవాడి ఒంటి మీద రాసుకున్న ఆ కబుర్లలో మనవాడి గురించి ఒక్క ముక్క ఉండదు. ఆస్ట్రేలియాలోనూ ఇదే తంతు. సిడ్నీలో చార్లెస్ కెర్రీ స్టూడియో ఆ నేల మూలవాసుల బొమ్మలు కార్డులుగా అమ్మింది. అక్కడా మనిషి "నేటివే".

ఇక్కడిదాకా చదివి చప్పట్లు కొట్టేవాళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు. తెల్లోణ్ణి తిట్టడానికి ఖర్చేముంది? కానీ "పరయా" అన్న మాట కెమెరాలో పుట్టిందా? తెలుగు రాని, తమిళం రాని ఫొటోగ్రాఫరుకు ఎదురుగా ఉన్నవాడి కులం ఎవరు చెప్పారు? పక్కన నిలబడ్డ గుమాస్తా, దుబాసీ, ఊరి పెద్ద. థర్‌స్టన్ పుస్తకం అట్ట మీద సహాయకుడిగా కె. రంగాచారి పేరు కూడా ఉంది. దొర అచ్చు వేశాడు. చిత్తు ప్రతి మాత్రం మన ఊళ్లోనే తయారైంది.

ఇప్పుడు ముద్ర దగ్గరికి రండి. 1917 నవంబరు ముద్ర ఉన్న బెజవాడ కార్డు ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని నేను ఇంకో రకంగా చదువుతాను. ఆ నెలలో ఈ ఊళ్లోనే పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించాడు. పంచములమన్న పేరు మాకొద్దు, ఈ నేల మొదటి మనుషులం మేమే, ఆది ఆంధ్రులం అన్నాడు. సభ పేరే మారిపోయింది. సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఒక పక్క మద్రాసు కంపెనీ మనకు శీర్షికలు పెట్టి అమ్ముకుంటుంటే, ఇంకో పక్క మనవాళ్లు తమ శీర్షిక తామే రాసుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను ఒప్పుకోక తప్పలేదు. "పాత బెజవాడ" గ్రూపుల్లో ఈ కథ ఎన్నిసార్లు కనపడింది మీకు?

తపాలా ఆఫీసు సంగతి కూడా చూడండి. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెడితేగాని, ప్రజల వీధుల్లో నడవడానికీ, బావులు వాడుకోవడానికీ, ప్రభుత్వ ఆఫీసుల్లో అడుగు పెట్టడానికీ ఏ కులంవాళ్లకూ అడ్డు లేదని ఉత్తర్వు రాలేదు. అంటే కాలణా కార్డు వచ్చిన 45 ఏళ్లకు కూడా, ప్రభుత్వ ఆఫీసు గడప దాటే హక్కు మనకుందని కాగితం మీద రాయించుకోవాల్సి వచ్చింది. మా పెద్దలు చెప్పేవాళ్లు: ఉత్తరం ఊరి మధ్య అరుగు మీద పడేసి పోయేవాళ్లు, చదివి పెట్టమని అడగడానికి దూరంగా నిలబడాలి, ఇంటి గుట్టంతా ఊరు విన్నాక మనం వినాలి.

నేను సాహిత్యం పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనక ఇది చెప్పకుండా ఉండలేను. 1941లో జాషువా "గబ్బిలం" రాశాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. అరుంధతీసుతుడికి దొరికింది గబ్బిలం. ఎందుకు? గుళ్లోకి ఇతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. పోస్టాఫీసూ గుడీ రెండూ మూసుకున్నవాడు కబురు పంపే దారి అది. 2002లో తపాలా శాఖ పావలాకు కొత్త కార్డు తెచ్చి "మేఘదూత్" అని పేరు పెట్టుకుంది. గబ్బిలం పేరు పెట్టాలని ఏ కమిటీకీ తట్టలేదు, తట్టదు కూడా.

అసలు విషయానికొస్తాను. దొరల ముద్రల్లో మన ఊళ్ల పేర్లు వంకరగా ఉండేవి. మసులిపటం, ఎల్లోర్, కొకనాడ, బెజ్వాడ. స్వతంత్రం వచ్చాక శుభ్రంగా దిద్దుకున్నాం. మచిలీపట్నం అయింది, ఏలూరు అయింది, కాకినాడ అయింది, విజయవాడ అయింది. మంచిదే. తెల్లోడు పాడుచేసిన ఊరి పేరు దిద్దుకోవడం ఆత్మగౌరవం అయితే, ఊరు పెట్టిన పల్లె పేరు దిద్దుకోవడం ఏమవుతుంది? 1972లో పిన్‌కోడ్ వచ్చింది. ఆరంకెల్లో కులం లేదు. దాని పైన వరసలో ఉంది. మాలపల్లి, మాదిగగూడెం, హరిజనవాడ, ఎస్సీ కాలనీ. ఉద్యోగం దరఖాస్తు మీద, బ్యాంకు పుస్తకం మీద, ఆధార్ మీద. "నేటివ్ టైప్స్" కార్డు అచ్చు ఆగిపోయిందని ఎవరన్నారు? మన జేబుల్లోనే పెట్టుకు తిరుగుతున్నాం.

దిద్దబోతే ఏమవుతుందో కోనసీమ చూపించింది. జిల్లా పేరుకు ముందు అంబేద్కర్ పేరు చేరుస్తామనగానే 2022 మే 24న అమలాపురంలో మంత్రి విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. తరతరాలుగా మన అడ్రసులో వాళ్లు పెట్టిన పేరు మనం మోశాం. వాళ్ల అడ్రసులో రాజ్యాంగం రాసినవాడి పేరు ఒక్క పూట మోయలేకపోయారు.

ఆస్ట్రేలియాలో రేచల్ మెక్‌ఫెయిల్ అనే గొమెరాయ్ మహిళ ఒక ఉద్యమం నడిపింది. చిరునామాలో మా నేలల అసలు పేర్లు కూడా రాసే చోటు ఇవ్వండని. 2020లో ఆస్ట్రేలియా పోస్ట్ ఒప్పుకుని తన సూచనల్లో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం వాడల కులం పేర్లు తీసేయాలని నిర్ణయించింది. మన రాష్ట్రం ఎందుకు ఆగాలి?

ఒక అభ్యంతరం న్యాయమైనది. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక వేలమంది తమ పేరు చివర మాదిగ అని సగర్వంగా రాసుకున్నారు కదా, మరి పల్లె పేరులో ఉంటే తప్పేంటి? తేడా ఉంది. అది మనం ఎత్తిన జెండా, ఇది వాళ్లు అంటించిన చీటీ. ఏ పల్లె అయినా కూర్చుని మాట్లాడుకుని పాత పేరే ఉంచుకుంటామంటే ఉంచుకోనివ్వండి. కలెక్టరాఫీసులో కూర్చుని ఎవరో మార్చడం కూడా నాకు ఇష్టం లేదు. పల్లె తీర్మానం చేయాలి, గ్రామసభలో పెట్టాలి, తపాలా శాఖకూ రెవెన్యూకూ కాపీ వెళ్లాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఊరెళ్లినప్పుడు చూరుకు వేలాడే ఇనుప తీగ వెతకండి. అమ్మమ్మలు ఉత్తరాలన్నీ దానికే గుచ్చి ఉంచేవాళ్లు. పసుపు పూసిన పెళ్లి కార్డులు, రంగూన్ వెళ్లినవాళ్ల కబుర్లు, మనియార్డరు రసీదులు. చెదలు పట్టకముందే దించండి. ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకోండి. రెండు వైపులా ఫొటో తీయండి. ఎవరు ఎవరికి రాశారు, రాత ఎవరిది, చదివి పెట్టింది ఎవరు, అడ్రసులో పల్లెను ఏమని రాశారు, అన్నీ పెద్దవాళ్లను అడిగి పక్కన రాసుకోండి. ముద్ర మీద తేదీ చెరిగిపోతే పక్కవాటంగా వెలుతురు పడేట్టు పెట్టి తీయండి, చాలావరకు కనపడుతుంది.