గడువు దాటిన దరఖాస్తు

నిధులడుగుతున్నాం. నీళ్లడుగుతున్నాం. ఉద్యోగాల్లో వాటా అడుగుతున్నాం. అడగాల్సిందే, అడుగుతూనే ఉంటాం. కానీ ఎవరూ కాదనకుండానే, ఎవరూ లాక్కోకుండానే మన పిల్లల చేతుల్లోంచి ఏటా జారిపోతున్నది ఒకటుంది. దాని గురించి మనలో మనం మాట్లాడుకోవడం లేదు. దేశంలోని పెద్ద పరిశోధనా సంస్థలు, కేంద్ర మంత్రిత్వ శాఖలు విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం ప్రతి సంవత్సరం వేసవి శిక్షణలు, పరిశోధనా శిబిరాలు, ఫెలోషిప్పులు, ఉపకారవేతనాలు ప్రకటిస్తున్నాయి. వాటికి ఈ జిల్లాలో పుట్టినవాడు పనికిరాడని ఏ నిబంధనా లేదు. ఉన్నదల్లా ఒక దరఖాస్తు, ఒక గడువు. శృంగవరపుకోట, వేపాడ, జామి, లక్కవరపుకోట, కొత్తవలస పిల్లల్లో ఎంతమంది ఆ దరఖాస్తు ముఖం చూశారు?

బైలదిల్లా ఇనుప ఖనిజం కిరండూల్ లైను మీద మన ఎస్.కోట స్టేషను దాటుకునే విశాఖ రేవుకు పోతుంది. గూడ్సు బండి చప్పుడు మనకు, సరుకు మరొకరికి. చదువుల అవకాశాలూ అలాగే మన ఊరి మీదుగా పోతున్నాయి. తేడా ఒక్కటే. ఖనిజం బండిని మనం ఆపలేం. ఈ బండి ఎక్కడానికి మాత్రం టిక్కెట్టు కూడా అక్కర్లేదు.

ఏమున్నాయో చెప్పకుండా ఉపన్యాసమిస్తే లాభం లేదు. కొన్నింటిని పేర్లతో సహా చెబుతాం.

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ, అలహాబాదుల్లోని మరో రెండు జాతీయ విజ్ఞాన అకాడమీలతో కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్ నడుపుతోంది. ఎంపికైన విద్యార్థి రెండు నెలల పాటు పేరున్న ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తాడు. భృతి ఇస్తారు, రానుపోను ఖర్చులిస్తారు. అడిగేది మార్కుల వివరాలు, ఏం చేయాలనుకుంటున్నావో చెప్పే ఒక చిన్న రాత, పాఠం చెప్పిన మాస్టారి నుంచి ఒక సిఫారసు లేఖ. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం బీఎస్సీ తొలి సంవత్సరాల పిల్లల కోసం 2004 నుంచి జాతీయ స్థాయి శిబిరాలు నడుపుతూ వచ్చింది. గణితం మీద మనసున్న వారికి 1993లో మొదలైన ఎంటీటీఎస్ వేసవి శిక్షణ ఉంది. నాలుగు వారాలు కూర్చోబెట్టి, సూత్రాలు బట్టీ పట్టించకుండా, లెక్కను ఎలా ఆలోచించాలో నేర్పుతారు.

డబ్బు సంగతికొద్దాం. ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకుని, కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటని డిగ్రీ, పీజీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఏటా 82,000 కొత్త ఉపకారవేతనాలు పెట్టింది. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000. అందులో సగం ఆడపిల్లలకే. ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో నిలిచి మౌలిక శాస్త్రాలు చదివే వారి కోసం 2008లో ఇన్‌స్పైర్ పథకం మొదలైంది. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 20,000 వేసవిలో పరిశోధన చేసేందుకే. ఇంజనీరింగు తప్ప చదువే లేదనుకుని అప్పులు చేసే తల్లిదండ్రులకు ఈ ముక్క ఎవరు చెప్పారు?

సైన్సు పిల్లలకేనా, బీఏ, బీకాం వాళ్ల మాటేమిటి అంటారా? వాళ్లకూ ఉన్నాయి. పట్టభద్రులైన పాతికేళ్ల లోపు యువతీయువకులను పార్లమెంటు సభ్యుల దగ్గర సహాయకులుగా ఉంచి, బిల్లు చదవడం, ప్రశ్న తయారు చేయడం నేర్పే ల్యాంప్ ఫెలోషిప్ 2010లో మొదలైంది. రాజ్యాంగం, బిల్లులు, కమిటీ నివేదికలు చదవగల కుర్రాళ్లు పదిమంది ఉంటే ఏ ఉద్యమానికైనా ఎంత బలమో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. పల్లెల బతుకులు రాయాలనుకునే వారికి పి. సాయినాథ్ 2014లో స్థాపించిన గ్రామీణ భారత కథనాల సంస్థ పారీ తలుపు తెరిచే ఉంచింది. ఇంట్లో కూర్చుని ఐఐటీ ఆచార్యుల పాఠాలు వినడానికి 2017లో వచ్చిన స్వయం ఉంది. పాఠం ఉచితం, పరీక్షకు మాత్రమే రుసుము.

ఇక కొండ మీది పిల్లలు. ఎస్.కోట దాటగానే అనంతగిరి ఘాటు. సవర, గదబ, పోర్జ, ఖోందు తెగల పిల్లలు కిందికి దిగి చదువుకునే తోవలో మన ఊరొకటి. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేయడానికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ దేశం మొత్తం మీద ఇచ్చేవి ఏడాదికి 20 ఉపకారవేతనాలు. అందులో 17 గిరిజనులందరికీ, 3 ప్రత్యేకించి ఆదిమ తెగల వారికి. మన దేశంలోనే పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు ఏటా 750 ఫెలోషిప్పులు. మన్యం నుంచి ఆ మూడింటికి పోటీపడే బిడ్డ ఒక్కరున్నా చాలు, ఆ తెగ పిల్లలందరికీ దారి కనపడుతుంది. ఆ సంగతి ఆశ్రమ పాఠశాల దాటి కాలేజీకొచ్చిన పిల్లకు ఏ హాస్టలు గోడ మీద రాసి ఉంది?

పాలకుల తప్పు లేదని మేము అనడం లేదు. ఉంది. 1974, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు చూడండి. ఉద్యోగాల విషయంలో శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలను ఒకటో జోన్‌గా వేరు చేశారు. ఆ రెండింటి నుంచే 1979లో విజయనగరం జిల్లా పుట్టింది. కానీ కాలేజీ సీట్ల దగ్గరికి వచ్చేసరికి శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఏడు జిల్లాలనూ ఒకే స్థానిక ప్రాంతం చేసి 85 శాతం సీట్లకు ఒకే గిరి గీశారు. కోచింగుల కోటలున్న కృష్ణా, గుంటూరు పిల్లలతో వేపాడ రైతు బిడ్డ ఒకే గీత మీద నిలబడి పరుగెత్తాలన్నమాట. ఉద్యోగానికి వెనుకబడ్డ ప్రాంతం చదువుకు వెనుకబడలేదా? ఈ ప్రశ్న అడుగుతూనే ఉండాలి.

విశ్వవిద్యాలయాల సంగతీ అంతే. 2014 విభజన చట్టంలో రాసినందువల్ల కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరంలో మొదలైంది. మొదట మన కొత్తవలస మండలం రెల్లిలో స్థలం చూశారు. చివరికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది దత్తిరాజేరు, మెంటాడ మండలాల వైపు. ఎక్కడ కట్టినా మన జిల్లాయే, సంతోషమే. కానీ అక్కడ పీజీ సీటు కావాలంటే దేశమంతటికీ పెట్టే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తు చలికాలంలోనే పెట్టాలి. డిగ్రీ చివరి పరీక్షలయ్యాక, వేసవిలో తీరిగ్గా అడిగితే తలుపు మూసుంటుంది. విశ్వవిద్యాలయం మన గడప దగ్గరుండి, సీటు ఎక్కడివారికో పోతే, ఎవరిని తిట్టుకోవాలి?

ఒక్క గడువు మనిషిని ఎటు తిప్పుతుందో తెలియాలంటే మన విశాఖలో చదివిన సి.ఆర్. రావు గారి జీవితం చూడాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎమ్మే మొదటి శ్రేణిలో మొదటివాడిగా పాసయ్యారు. పరిశోధన చేయాలని ఉపకారవేతనానికి దరఖాస్తు పెడితే, ఆలస్యంగా అందిందన్న కారణంతో ఇవ్వలేదు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. అక్కడ ఉండగా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ ఇస్తారని తెలిసి 1941లో చేరారు. 1945కల్లా ప్రపంచంలోని సంఖ్యాశాస్త్ర పుస్తకాలన్నింటిలోకీ ఎక్కిన ఫలితం కనిపెట్టారు. 2023లో నూట రెండేళ్ల వయసులో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకున్నారు, ఆ ఏడాదే కన్నుమూశారు. అంతటివాడికి కూడా గడువు మినహాయింపు ఇవ్వలేదు. ఆయనకు ఒక శిక్షణ కబురు చెవిన పడింది కాబట్టి సరిపోయింది. చెవిన పడని వాళ్లెంతమందో లెక్క ఎవరి దగ్గరుంది?

మన పిల్లలు ఎందుకు దరఖాస్తు పెట్టడం లేదు? తెలివి లేక కాదు. కబురు అందక. అందినా సిఫారసు లేఖ రాసిచ్చే మాస్టారు దొరక్క. అతిథి అధ్యాపకులతో నడిచే కాలేజీల్లో ఈ ఏడు చెప్పిన మాస్టారు మరుసటి ఏడు ఉంటారన్న నమ్మకం లేదు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయడానికి జంకి. సెమిస్టరు పరీక్షలు ఎప్పుడు పెడతారో, ఎప్పుడు వాయిదా వేస్తారో తెలియక. ఆడపిల్లను రెండు నెలలు బెంగళూరు పంపడానికి ఇంట్లో భయపడి. వీటిలో ఏదీ ఢిల్లీ దాకా వెళ్లి తేల్చుకోవాల్సిన సమస్య కాదు.

అందుకే విశ్వవిద్యాలయాల పెద్దలను, కళాశాల విద్యాశాఖను మేము అడుగుతున్నవి ఇవీ. ఉత్తరాంధ్రలోని ప్రతి డిగ్రీ కాలేజీలో ఈ పని చూసే అధ్యాపకుడొకరిని పేరు పెట్టి నియమించండి. జూన్‌లోనే ఏడాది పొడవునా వచ్చే అవకాశాల పట్టిక తెలుగులో అచ్చేసి గోడకు అంటించండి. వేసవి శిక్షణకు ఎంపికైన విద్యార్థికి పరీక్ష అడ్డు వస్తే ప్రత్యామ్నాయం చూపించండి. ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమంది ఎంపికయ్యారు అన్న లెక్క ఏటా బయటపెట్టండి. 2020 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి చేశారు కదా, ఎస్.కోట కుర్రాడు ఆ పది నెలలు ఎక్కడ చేయాలో కూడా మీరే చూపాలి. విశాఖలో సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, రేవు ఉంది. వాటితో మాట్లాడాల్సింది విద్యార్థి కాదు, విశ్వవిద్యాలయం. లేకపోతే రుసుము కట్టి సర్టిఫికెట్టు తెచ్చుకునే తంతుగా అది మిగులుతుంది.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీలో ఉపాధ్యాయులున్నారు, రెవెన్యూ వాళ్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. ఒకరు దరఖాస్తు నింపడం చూపండి, ఒకరు ఇంగ్లీషు రాత దిద్దండి, ఒకరు ఆదాయ ధ్రువపత్రం త్వరగా వచ్చేలా చూడండి. సభకు వెయ్యి రూపాయల చందా ఇవ్వడం కన్నా ఇది తక్కువ సాయమేమీ కాదు.

విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు చేయాల్సింది కూడా ఉంది. పదో తరగతి నుంచి మార్కుల జాబితాలు, కుల, ఆదాయ పత్రాలు, ఆధార్ కలిపిన బ్యాంకు ఖాతా ఒక ఫైలులో సిద్ధంగా పెట్టుకోండి. తరగతిలో ప్రశ్న అడగండి. మిమ్మల్ని ఎరిగిన మాస్టారే మంచి లేఖ రాయగలరు. లేఖ కావాలని గడువుకు ముందురోజు కాదు, మూడు వారాల ముందు అడగండి. రాతలో గొప్పలు వద్దు. ఏ పాఠం నచ్చింది, ఎందుకు నచ్చింది, ఏం తెలుసుకోవాలనుంది అన్నది మీ మాటల్లో చెప్పండి. తాటిపూడి నీటి గురించో, బొర్రా గుహల రాయి గురించో మీకు కలిగిన ప్రశ్న అరువు తెచ్చుకున్న పెద్ద మాటల కన్నా ఎక్కువ విలువైనది. ముందుగా డబ్బు కడితే ఫెలోషిప్పు ఇస్తామనే వాళ్లను నమ్మకండి. నిబంధనలు, మొత్తాలు ఏటా మారొచ్చు కాబట్టి అసలు నోటిఫికేషన్ మీరే చదవండి.

వేసవి శిక్షణకు విత్తనం వానాకాలంలోనే వేయాలి. ఉపకారవేతనాల కాలం బడులు తెరవగానే మొదలవుతుంది. అకాడమీల ఫెలోషిప్పు దసరా చుట్టుపక్కల వస్తుంది. పైడితల్లమ్మ సిరిమాను తిరిగే నాటికి మీ దరఖాస్తు సిద్ధం కావాలి. గణితం, భౌతికశాస్త్రం శిబిరాలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశాలు సంక్రాంతికి అటూ ఇటూ.

వివక్ష మీద పోరాటం ఆగదు. అయితే దరఖాస్తే పెట్టని చోట అన్యాయం జరిగిందని నిరూపించలేం. వందమంది పెట్టి, ఒక్కరికీ రాకపోతే, అప్పుడు ఆ లెక్క పట్టుకుని ఎవరినైనా నిలదీయొచ్చు. వందమంది పెట్టి పదిమందికి వస్తే, ఆ పదిమంది తిరిగొచ్చి మరో వందమందికి దారి చూపుతారు. రెండు విధాలా లాభం మనదే. ఈ ఏడాది ఈ నియోజకవర్గంలోని ప్రతి కాలేజీ నుంచీ కనీసం పది దరఖాస్తులు వెళ్లాలి. విద్యార్థి సంఘాలు ఈ పని భుజాన వేసుకోవాలి. ఏ కాలేజీ నుంచి ఎన్ని వెళ్లాయో మాకు రాయండి, ఈ పుటల్లోనే అచ్చు వేస్తాం.