చిత్రశాలకు వెళ్ళే ముందు

దూరదేశాలకు వెళ్ళివచ్చిన వారిని "ఏమేమి చూశారు?" అని అడగడం లోకంలో పరిపాటి. "ఎలా చూశారు?" అని అడిగేవారు అరుదు. మొదటి ప్రశ్నకు నాలుగు పేర్లు వల్లిస్తే సరిపోతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే చూసినది మనసులో నిలిచి ఉండాలి. కోటలు, దేవాలయాలు, జలపాతాలు ఒక్క చూపులోనే మనను ఆకట్టుకొంటాయి. చిత్రశాల స్వభావం వేరు. అక్కడ నెమ్మదిగా నిలబడి చూసేవానికి తప్ప ఏ చిత్రమూ తన మనసు విప్పదు. అందుచేత, చూడదలచిన కొద్ది చిత్రాలను ముందుగానే ఎంచుకొని, వాటి వెనుక ఉన్న కథను తెలుసుకొని, మిగిలిన వాటిని నిస్సంకోచంగా విడిచిపెట్టగలిగినవాడే చిత్రశాలను నిజంగా చూస్తాడని నా అభిప్రాయం. రష్యా కళకు నిలయమైన మాస్కోలోని త్రెత్యాకోవ్ చిత్రశాలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

రష్యాలో చిత్రశాల అనగానే చాలామందికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ గుర్తుకు వస్తుంది. అది గొప్పదే. అయితే దాని కీర్తికి ముఖ్యకారణం లియొనార్డో, రెంబ్రాంట్ వంటి పశ్చిమ ఐరోపా చిత్రకారుల కృతులు. రష్యా ప్రజల జీవితాన్ని రష్యా చిత్రకారులు ఎలా చిత్రించారో చూడాలనుకొనేవారికి ప్రధానమైన చోట్లు రెండు. ఒకటి, అదే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1898లో ప్రారంభమైన రష్యన్ మ్యూజియం. రెండవది మాస్కోలోని త్రెత్యాకోవ్ చిత్రశాల. వోల్గా నదిలో పడవను తాళ్ళతో లాగుతున్న కూలీలను రేపిన్ చిత్రించిన ప్రసిద్ధ చిత్రం మొదటిదానిలో ఉన్నది. దానిని చూడాలన్న కోరికతో మాస్కోకు వెళ్ళినవాడు నిరాశతో తిరిగి వస్తాడు. ఏ చిత్రం ఏ ఊరిలో ఉన్నదో తెలుసుకోవడమే సన్నాహంలో మొదటి మెట్టు.

త్రెత్యాకోవ్ చిత్రశాల ఒక రాజు తన వైభవాన్ని చాటుకొనేందుకు నిర్మించినది కాదు. పావెల్ త్రెత్యాకోవ్ (1832-1898) మాస్కోకు చెందిన వర్తకుడు. నారబట్టల మిల్లు నడిపి ధనం సంపాదించాడు. ఆ ధనంతో 1856 నుంచి తన దేశపు చిత్రకారుల చిత్రాలను కొనడం మొదలుపెట్టాడు. దేశీయ కళకు ప్రజలందరూ చూడదగిన ఒక చిత్రశాల ఏర్పడాలన్న ఆకాంక్షను 1860లో, అంటే 28వ ఏటనే, తన వీలునామాలో వ్రాసిపెట్టాడు. దోస్తొయెవ్‌స్కీ చిత్రాన్ని పెరోవ్ చేత 1872లోను, టాల్‌స్టాయ్ చిత్రాన్ని క్రమ్‌స్కోయ్ చేత 1873లోను వేయించినవాడు ఆయనే. తెలుగు అనువాదాలలో ఆ రచయితలను చదువుకొన్న పాఠకులు ఆ చిత్రాల ముందు నిలబడితే పాత పరిచయస్థులను కలిసినట్లు అనిపిస్తుంది. 1892లో త్రెత్యాకోవ్ తన సేకరణనూ, అదే సంవత్సరం మరణించిన తమ్ముడు సెర్గెయ్ సేకరణనూ మాస్కో నగరానికి కానుకగా సమర్పించాడు. ఒక మనిషి జీవితమంతా ఏరి కూర్చి అందరికీ ఇచ్చిన కానుక అది. అటువంటి కానుకను పరుగెడుతూ చూడడం దాతకు మర్యాద కాదు, చూసేవానికి లాభమూ కాదు.

ఇక లెక్క చూద్దాం. లవ్రూషిన్‌స్కీ సందులోని ఆ పాత భవనంలో సుమారు 60 గదులు ఉన్నాయి. ఒక్కొక్క చిత్రం ముందు అర నిమిషం మాత్రమే నిలిచినా, 1,000 చిత్రాలు చూడడానికి 8 గంటలకు పైగా పడుతుంది. నడక, విశ్రాంతి ఈ లెక్కలో చేరలేదు. మానవుని కాళ్ళు అంతసేపు ఓర్చుకొన్నా కన్నులు ఓర్చుకోవు. రెండు గంటలు గడిచేసరికి ఎర్రరంగూ నీలిరంగూ కలిసిపోయి, యువరాజు ముఖమూ రైతు ముఖమూ ఒకటిగా కనిపిస్తాయి. అన్నీ చూడాలన్న ఆశ చివరకు ఏదీ చూడనీయదు.

"ఇన్ని వేల మైళ్ళు ప్రయాణం చేసి, ఇంత ధనం వెచ్చించి, కొన్నింటిని చూడకుండా రావడమా?" అని ఎవరైనా అడగవచ్చు. సహజమైన ప్రశ్న. దీనికి సమాధానం ఆ చిత్రశాలలోని ఒక చిత్రమే చెబుతుంది. 1866లో పెరోవ్ 'త్రోయికా' అనే చిత్రం వేశాడు. మంచు కురిసిన వీధిలో ముగ్గురు పసిపిల్లలు గుర్రాల వలె ఒక పెద్ద నీళ్ళ పీపాను లాగుతూ ఉంటారు. మధ్యలో ఉన్న బాలుడి రూపం కోసం పెరోవ్, తల్లితో కలిసి కాలినడకన యాత్రకు పోతున్న ఒక పల్లెటూరి కుర్రవాణ్ణి కూర్చోబెట్టి గీశాడు. కొన్ని సంవత్సరాల తరువాత ఆ తల్లి ఒంటరిగా పెరోవ్ ఇంటికి వచ్చింది. కొడుకు మశూచితో చనిపోయాడు. ఉన్నదంతా అమ్ముకొని, కూలి చేసి కూడబెట్టిన సొమ్ముతో కొడుకు బొమ్మను కొనుక్కోవాలని వచ్చింది. అది అప్పటికే త్రెత్యాకోవ్ సేకరణలో చేరింది. పెరోవ్ ఆమెను అక్కడికి తీసుకొని వెళ్ళాడు. గోడల నిండా చిత్రాలు ఉన్నా ఆమె తిన్నగా ఆ ఒక్క చిత్రం దగ్గరకే వెళ్ళి, మోకరిల్లి, ప్రార్థనలో మునిగిపోయింది. ఈ సంగతిని పెరోవ్ స్వయంగా వ్రాసి ప్రకటించాడు. ఆ తల్లి ఎన్ని చిత్రాలు చూసిందని లెక్క అడిగితే ఒక్కటే. ఆ చిత్రాన్ని ఆమెకంటె బాగా చూసినవారు ఉన్నారని చెప్పగలమా? ఆమె దుఃఖం మనకు లేదు, రాకూడదు కూడా. కాని ఏ చిత్రం కోసం వచ్చామో తెలిసి రావడమన్నది ఆమె నుంచి మనం నేర్చుకోదగినది.

ముందుగా తెలుసుకొని వెళ్ళడం తెలుగువారికి మరింత అవసరం. సవ్రాసోవ్ 1871లో వేసిన 'కాకులు తిరిగి వచ్చాయి' అనే చిత్రాన్ని తీసుకొందాం. ఎత్తు 62 సెంటీమీటర్లు, వెడల్పు 48.5 సెంటీమీటర్లు. నాలుగు వంకర చెట్లు, వాటి మీద గూళ్ళు కట్టుకొంటున్న కాకిజాతి పక్షులు, వెనుక ఒక చర్చి, నేల మీద మురికిపట్టి కరుగుతున్న మంచు. మన కంటికి ఇది ఒక దిగులు దృశ్యంగా తోచి ముందుకు సాగిపోతాం. రష్యనులకు ఇది ఎంతో ప్రియమైన వసంత చిత్రం. మనకు మామిడిపూత, కోయిల కూత ఎటువంటివో, నెలల తరబడి మంచులో మగ్గిన ఆ దేశీయులకు ఆ నల్లని పక్షుల రాక అటువంటిది. ఇంత చిన్న విషయం ముందుగా తెలిస్తే ఆ బురదమంచు మీద పడిన పలుచని వెలుతురు కనిపిస్తుంది. తెలియకపోతే కనిపించేది కాకులు మాత్రమే. చిత్రం ఒక్కటే. చూసే కన్ను సిద్ధమై వచ్చిందా లేదా అన్నదే భేదం.

ఇవానోవ్ వేసిన 'ప్రజలకు క్రీస్తు దర్శనం' దీనికి పూర్తిగా భిన్నమైనది. ఎత్తు 540 సెంటీమీటర్లు, వెడల్పు 750 సెంటీమీటర్లు. 1837 నుంచి 1857 వరకు 20 సంవత్సరాలు ఆయన దానిపై శ్రమించాడు. దాని కోసం వేసిన అధ్యయన చిత్రాలను కూడా ఆ చిత్రశాలలో ప్రదర్శిస్తారు. వాటి సంగతి తెలియనివాడు పెద్ద చిత్రాన్ని చూసి ఆశ్చర్యపడి వెళ్ళిపోతాడు. తెలిసినవాడు చిన్న చిత్రంలోని ఒక ముఖం పెద్ద చిత్రంలో ఎలా మారిందో పోల్చి చూసి, ఒక కళాకారుని 20 ఏళ్ళ ఆలోచనను అరగంటలో అనుసరించగలుగుతాడు. అలాగే వెరెష్చాగిన్ 1871లో వేసిన 'యుద్ధ వైభవం'. ఎడారిలో పుర్రెల గుట్ట, దానిపై కాకులు. దాని చట్రం మీద ఆ చిత్రాన్ని గతించిన, వర్తమాన, రాబోయే విజేతలందరికీ అంకితమిస్తున్నట్లు వ్రాసి ఉన్నది. ఆ వ్రాత గురించి తెలియకపోతే ఆ చిత్రంలోని వ్యంగ్యపు పదును సగం జారిపోతుంది. ఈ చిత్రకారుడే తరువాత మన దేశానికి వచ్చి తాజ్‌మహల్‌ను చిత్రించాడు. యుద్ధాన్ని జీవితమంతా నిరసించిన ఆయన 1904లో రష్యా-జపాన్ యుద్ధంలో ఓడ పేలిపోగా మరణించాడు.

మరొక ఆక్షేపణ ఉన్నది. అన్నీ ముందే తెలుసుకొని పోతే ఆశ్చర్యం ఏమి మిగులుతుందని కొందరు అంటారు. కథ తెలిసిన తరువాత కూడా మనవారు నాటకాలు, హరికథలు తెల్లవార్లూ చూడలేదా? తెలిసిన కథలోనే నటుని గొప్పతనం తెలుస్తుంది. చిత్రానికీ అంతే. అయినా ఈ ఆక్షేపణలో కొంత సత్యం లేకపోలేదు. అందుచేత రెండున్నర గంటల సందర్శనలో 8 చిత్రాలకు మించి ఎంచుకోకూడదనీ, చివరి అరగంటను ఏ ప్రణాళికా లేకుండా విడిచిపెట్టాలనీ నేను సూచిస్తాను. ఆ అరగంటలో కాళ్ళు ఎటు తీసుకొని పోతే అటు పోవచ్చు. ఎదురుచూడని చిత్రం ఎదురైతే అదీ మన అదృష్టమే.

చిత్రాల ఎంపికతోపాటు, అవి ప్రస్తుతం ప్రదర్శనలో ఉన్నాయో లేవో విచారించడం కూడా సన్నాహంలో భాగమే. రుబ్ల్యోవ్ వేసిన 'త్రిమూర్తి' అనే ప్రాచీన దైవచిత్రం 1929 నుంచి త్రెత్యాకోవ్ చిత్రశాలలో ఉండేది. 2023లో దానిని అక్కడి నుంచి చర్చికి తరలించారు. పాత పుస్తకాన్ని నమ్ముకొని వెళ్ళినవారికి అది అక్కడ దొరకదు. కుమారుణ్ణి కొట్టి చంపిన జారు చక్రవర్తి పశ్చాత్తాపాన్ని చూపే రేపిన్ చిత్రం 1913లో కత్తిపోట్లకు, 2018లో ఇనుప కడ్డీ దెబ్బలకు గురి అయింది. రెండవ దాడి తరువాత మరమ్మతు కోసం దానిని గోడ మీది నుంచి తీసివేయవలసి వచ్చింది. 20వ శతాబ్దపు చిత్రాలు క్రీమ్‌స్కీ వాల్ వీధిలోని మరొక భవనంలో ఉన్నాయి. సెలవుదినం, టిక్కెట్టు, వీసా మొదలైన వాటిని బయలుదేరే ముందే విచారించుకోవాలి. 2022 మార్చి నుంచి ఇతర దేశాలలో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు రష్యాలో చెల్లడం లేదు గనుక, ఖర్చుకు తగిన ఏర్పాటు కూడా చేసుకోవాలి. ఇవన్నీ చిన్న విషయాలే. కాని మూసిన తలుపు ముందు నిలబడినవానికి కళాజ్ఞానం ఏమీ ఉపకరించదు.

మాస్కో వరకు వెళ్ళే అవకాశం అందరికీ రాదు. రానివారికి ఈ చర్చ నిరర్థకమని అనుకోనక్కరలేదు. నికొలాయ్ రోరిక్ అనే యువకుడు 1897లో వేసిన 'వార్తాహరుడు' అనే చిత్రాన్ని త్రెత్యాకోవ్ స్వయంగా కొన్నాడు. ఆ రోరిక్ తన జీవితంలోని చివరి 20 ఏళ్ళలో అధికభాగం మన హిమాలయాలలోని కులూ లోయలో, నగ్గర్ అనే గ్రామంలో గడిపి 1947లో అక్కడే కన్నుమూశాడు. ఆయన ఇల్లు నేడు ప్రదర్శనశాల. ఆయన కుమారుడు స్వెతోస్లావ్ కూడా చిత్రకారుడే. వాల్తేరులో జన్మించిన ప్రసిద్ధ నటి దేవికారాణిని 1945లో వివాహమాడి, తరువాత బెంగళూరు సమీపంలో స్థిరపడ్డాడు. ఈ తండ్రీకొడుకుల చిత్రాలు బెంగళూరులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తులో ఉన్నాయి. ఒక రాత్రి రైలు ప్రయాణంతో చేరుకోగల ఆ చోట కూడా ఇదే పద్ధతిని పాటించి చూడవచ్చు. నాలుగు చిత్రాలు ఎంచుకోండి. వాటి గురించి చదవండి. ఒక్కొక్కదాని ముందు 10 నిమిషాలు నిలబడండి.

1941లో జర్మనీ సైన్యాలు మాస్కో వైపు దూసుకువస్తున్నప్పుడు త్రెత్యాకోవ్ చిత్రశాల ఉద్యోగులు చిత్రాలను చట్రాల నుంచి విడదీసి, పెట్టెలలో సర్ది, దూరాన సైబీరియాలోని నొవొసిబీర్స్క్ నగరానికి తరలించారు. పెద్ద చిత్రాలను కర్రలకు చుట్టి పంపారు. భవనం బాంబుల దెబ్బ తిన్నది. 1945 మే నెలలో చిత్రాలు తిరిగి గోడల మీదికి వచ్చాయి. ఒక వర్తకుడు ధనమిచ్చి, చిత్రకారులు ఆయుష్షు ఇచ్చి, ఉద్యోగులు ప్రాణభయాన్ని లెక్కచేయక కాపాడినందువల్ల ఆ చిత్రాలు నేడు మన కంటి ముందుకు వస్తున్నాయి. అందుకు బదులుగా అవి మన నుంచి కోరేది చాలా స్వల్పం: వచ్చే ముందు కొన్ని సాయంత్రాల చదువు, వచ్చిన తరువాత కొన్ని నిమిషాల నిలకడ.